మడత చాకును వీపు వైపు నుంచి చదవాలి

మీరు అడిగినవి మూడు. పాతపట్నంలో కరణీకం చేసిన మీ తాతగారి పెట్టెలో నల్లని పిడి ఉన్న మడత చాకు దొరికింది. చెరో కొసన ఒక్కో బ్లేడు. పెద్ద బ్లేడు మొదట్లో నక్షత్రం, శిలువ గుర్తులు. అది ఏపాటిది, దానికి మెరుగు పెట్టించవచ్చా, ఇలాంటివి సేకరించాలంటే మన సరిహద్దు ఊళ్ళలో ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు.

రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఆలస్యమైతే చేయి దాటిపోతుంది కనుక. మెరుగు పెట్టించకండి. సైకిలు మీద చక్రం తిప్పుతూ వచ్చే సానవాళ్ళకు అసలే ఇవ్వకండి. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి తోమకండి. బ్లేడు మీద ఉన్న నీలి బూడిద రంగు మకిలి కాదు. ఏళ్ళ తరబడి మామిడికాయలు, నిమ్మకాయలు, తడి చేతులు తగిలి కార్బన్ ఉక్కు మీద ఏర్పడిన పొర అది. కింద ఉన్న ఉక్కును అదే కొంతవరకు కాపాడుతోంది. తీసేయవలసింది ఎర్రగా, పొడి రాలుతూ ఉండే తుప్పును మాత్రమే. ఆ పద్ధతి కింద చెబుతాను.

ఇక అది ఏపాటిది అన్న మాట. చాలామంది పాత చాకు చేతికి రాగానే బ్లేడు మీద పేరు వెతుకుతారు. నేను పేరును చివరికి వదిలేస్తాను. చాకును మూసి, వీపు మీ వైపు తిప్పి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకోండి. మధ్యలో పొడవుగా కనిపించే ఉక్కు పట్టీ దాని స్ప్రింగు. స్ప్రింగుకు అటూ ఇటూ సన్నని ఇత్తడి రేకులు, ఆ రేకుల మీద కొమ్ము చెక్కలు ఉంటాయి. చాకు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు, రేకులు ఒకే మట్టంలో ఉన్నాయా? వేలి గోరు అడ్డంగా గీస్తే ఎక్కడైనా తట్టుకుంటోందా? స్ప్రింగుకూ రేకుకూ మధ్య నుంచి వెలుతురు కనిపిస్తోందా? ఇప్పుడు పెద్ద బ్లేడు పూర్తిగా తెరిచి మళ్ళీ అదే చూడండి. మంచి పనివాడు చేసిన చాకులో రెండు స్థితుల్లోనూ వీపు ఒకే పలకలా ఉంటుంది. ఇది యంత్రం నుంచి ఊడిపడిన గుణం కాదు. చాకును బిగించి, తెరిచి, ఎక్కడ ఎత్తుందో చూసి, విప్పి, ఆకురాయితో రవ్వంత తీసి, మళ్ళీ బిగించిన చేయి దాని వెనుక ఉంది.

ఈ కీలు ఎలా పనిచేస్తుందో తెలిస్తే చూడటం సులువవుతుంది. ఇందులో తాళమేమీ లేదు. బ్లేడు పదును ముగిసి పిడిలోకి దూరే మొద్దు భాగం గుండ్రంగా ఉండదు, దానికి చదునైన ముఖాలు ఉంటాయి. స్ప్రింగు కొస ఆ ముఖం మీద గట్టిగా అదిమి కూర్చుంటుంది. మీరు బ్లేడు పక్కన చెక్కిన గోరు గాడిలో బొటనవేలి గోరు పెట్టి బ్లేడు లాగినప్పుడు ఆ మొద్దు భాగం మూల స్ప్రింగును పైకి లేపుతుంది. మూల దాటగానే తరువాతి ముఖం మీద స్ప్రింగు టక్కుమని పడుతుంది. తెరిచేటప్పుడు ఒకటి, మూసేటప్పుడు ఒకటి, ఆ శబ్దం రెండుసార్లూ రావాలి. తెరిచేటప్పుడే వచ్చి మూసేటప్పుడు బ్లేడు మెత్తగా జారిపోతే, మూల అరిగిపోయిందనో స్ప్రింగు అలసిపోయిందనో అర్థం. కొన్ని చాకుల్లో బ్లేడు సగం తెరిచినప్పుడు కూడా ఒకసారి ఆగుతుంది, మూడో చదును ముఖం ఉండటం వల్ల. చాకులకు పేరుపడ్డ ఇంగ్లండ్ ఊరు షెఫీల్డులో చేసిన పాత కలం చాకుల్లో, అంటే కలాలు చెక్కుకునే చిన్న చాకుల్లో, చాలావాటికి ఆ ముఖం ఉండదు, మూల గుండ్రంగా అరగదీసి ఉంటుంది. కనుక మీ చాకు సగంలో ఆగకపోతే అది లోపమని అనుకోవద్దు.

మీది చెరో కొసన బ్లేడు ఉన్న రకం అన్నారు కనుక ఇంకో సంగతి చూడండి. అలాంటివాటిలో సాధారణంగా ఒకే స్ప్రింగు రెండు బ్లేడ్లకూ పనిచేస్తుంది. నడుమ ఒక సీలతో బిగించి, రెండు కొసలూ వదిలేస్తారు. పెద్ద బ్లేడును సగం ఎత్తి పట్టుకుని చిన్నదాన్ని కదిపితే దాని బిగువు మారడం మీ వేలికి తెలుస్తుంది. ఒక్క పట్టీ రెండు వైపులా సమానంగా పలికేలా, ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ కొంచెం వేడి చేసి నీలి రంగు తిరిగేదాకా పదును, అంటే ఉక్కు గట్టిదనం, దించడం చాలా ఓర్పుతో కూడిన పని. పదును ఎక్కువైతే స్ప్రింగు పుటుక్కున విరుగుతుంది, తక్కువైతే వంగి అలాగే ఉండిపోతుంది. వందేళ్ళ తరువాత కూడా పలుకుతోందంటే ఆ కొలిమి దగ్గర కూర్చున్న మనిషికి నమస్కారం పెట్టాలి. రెండు బ్లేడ్లనూ ఒకేసారి సగం సగం తెరిచి మాత్రం ఉంచకండి. స్ప్రింగు మీద రెండింతల భారం పడుతుంది.

తరువాత బ్లేడు మిగిలి ఎంత ఉందో చూడాలి. పాత చాకుల ధరలో పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. గోరు గాడికీ పదును అంచుకూ మధ్య దూరం చూడండి. అది మరీ సన్నగా ఉంటే చాలాసార్లు సాన పట్టారన్నమాట. చాకు మూసి పక్క నుంచి చూస్తే మొన పిడిలో పూర్తిగా దాగాలి. బ్లేడు మొదట్లో, పదును మొదలయ్యేచోట, కింది వైపు చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. బ్లేడు మూసుకున్నప్పుడు ఆ బొడిపె స్ప్రింగు మీద ఆనుతుంది, పదును అంచు మాత్రం స్ప్రింగును తాకదు. మొన విరిగిన చాకును అమ్మేవాళ్ళు కొత్త మొన చెక్కి, అది పైకి తేలకుండా ఈ బొడిపెను ఆకురాయితో అరగదీస్తారు. అప్పుడు బ్లేడు లోతుగా కూరుకుపోయి, మూసిన ప్రతిసారీ పదును స్ప్రింగుకు కొట్టుకుంటుంది. అంచు మీద ఒకేచోట చిన్న నొక్కు కనిపిస్తే ఇదే జరిగి ఉంటుంది. మొన దగ్గర నీలంగానో గోధుమ రంగుగానో మచ్చ ఉంటే, సాన చక్రం వేడికి ఆ చోట ఉక్కు పదును దిగిపోయింది. అది మళ్ళీ రాదు.

పిడి కొసల్లో తెల్లగా మెరిసే లోహపు తొడుగును సేకర్తలు బోల్‌స్టర్ అంటారు. మన ఇళ్ళలో జర్మన్ సిల్వర్ అనే లోహమే అది: రాగి, జింకు, నికెల్ కలిసినది, వెండి రవ్వంత కూడా ఉండదు. ఇంకా పాత చాకుల్లో ఈ తొడుగు ఇనుముది. బ్లేడు తిరిగే ఇరుసు సీల ఈ తొడుగు గుండానే వెళ్తుంది. సీలను కూడా అదే లోహంతో చేసి, రెండు కొసలూ సుత్తితో విప్పారేలా కొట్టి, అరగదీసి మెరుగు పెడితే సీల ఎక్కడ ఉందో కంటికి ఆనదు. ఈ తొడుగును భూతద్దంతో చూడండి. సీల చుట్టూ సన్నని వలయం కనిపిస్తే, చాకు బాగా వాడినదైనా కావాలి, ఎవరైనా విప్పి మళ్ళీ బిగించినదైనా కావాలి. సుత్తి దెబ్బల గుంటలుంటే రెండోదే. బ్లేడు తెరిచి మొన పట్టుకుని పక్కలకు కదిపితే ఎంత ఊగుతుందో కూడా చూడండి. కొంచెం ఊగినా దాన్ని అలాగే ఉండనివ్వండి. తొడుగు మీద ఒక దెబ్బ వేస్తే బిగుస్తుందని ఎవరైనా అంటారు. అది నిజమే గానీ, ఆ దెబ్బ ఎక్కడ ఎంత బలంగా వేయాలో తెలిసినవాళ్ళు మన వైపు చాలా తక్కువ.

ఇప్పుడు పేరు దగ్గరికి వద్దాం. నక్షత్రం, మాల్టీస్ శిలువ కలిసిన గుర్తు షెఫీల్డులోని జోసెఫ్ రాడ్జర్స్ సంస్థది. ఈ గుర్తు వారికి 1764లో దక్కింది. 1822లో రాజకుటుంబానికి చాకులు సరఫరా చేసే హోదా వచ్చింది. అందుకే వారి బ్లేడ్ల మీద కిరీటం, దానికి అటూ ఇటూ ఏలుతున్నవారి పేరు మొదటి అక్షరాలు కనిపిస్తాయి. వి, ఆర్ ఉంటే విక్టోరియా కాలం, అంటే 1837 నుంచి 1901 దాకా. ఇ, ఆర్ ఉంటే 1901 నుంచి 1910 దాకా ఏలిన ఎడ్వర్డుది కావచ్చు, 1952లో వచ్చిన ఎలిజబెత్‌ది కూడా కావచ్చు. జి, ఆర్ ఉంటే జార్జి, కానీ జార్జిలు చాలామంది. కాబట్టి అక్షరాలను ఒంటరిగా నమ్మకూడదు. పక్కనే దేశం పేరు ఉందో లేదో చూడాలి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా చేసిన చట్టం 1891లో అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఎగుమతి చేసే పెద్ద సంస్థలు ఇంగ్లండ్ అనో జర్మనీ అనో ముద్ర వేయడం పెరిగింది. ఒట్టి షెఫీల్డు అని మాత్రమే ఉంటే అంతకుముందుది కావడానికి అవకాశం ఉంది, ఖాయమని మాత్రం చెప్పలేం. స్టెయిన్‌లెస్ అని ఉంటే అది 1913 తరువాతిదే. హ్యారీ బ్రేర్లీ షెఫీల్డులో ఆ ఉక్కును చేసింది ఆ ఏడాదే.

కొన్ని బ్లేడ్ల మీద కాస్ట్ స్టీల్ అని ఉంటుంది. మూసలో కరిగించిన ఉక్కు అన్నమాట. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ షెఫీల్డు దగ్గర ఈ పద్ధతిని తెచ్చాకే ఆ ఊరి చాకులకు అంత పేరు వచ్చింది. మూసలో ఉక్కు చేయడం మాత్రం మన నేలకు అంతకన్నా చాలా పాత విద్య. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కు పశ్చిమ దేశాల కత్తుల దాకా వెళ్ళింది. ఆ ముద్ర చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

పేరున్న గుర్తుకు నకళ్ళు కూడా అంతే పాతవి. షెఫీల్డు పేరుతో జర్మనీ సరుకు అమ్ముడుపోతోందన్న గొడవ వల్లే బ్రిటన్‌లో 1887లో సరుకు ముద్రల చట్టం వచ్చింది, మన దేశంలో 1889లో. అక్షరాల్లో ఒకటి అటూ ఇటూ మార్చి రాడ్జర్స్‌ను పోలిన పేర్లు కొట్టినవి మన సంతల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అసలు ముద్ర వేడి ఉక్కు మీద అచ్చుతో కొట్టినది, లోతుగా ఉంటుంది, అడుగు వాడిగా ఉంటుంది. ఆమ్లంతో గీసిన అక్షరాలు పైపైన, ఒకే మందంలో, అంచులు కరిగినట్టు ఉంటాయి. పాతదనం కూడా నకిలీ చేస్తారు. నిజమైన నలుపు బ్లేడంతటా ఒకేలా ఉండదు. మొదట్లో ముదురుగా, పదును పట్టిన అంచు దగ్గర లేతగా, మధ్యలో మేఘాల్లా ఉంటుంది. బ్లేడంతా ఒకే నలుపు, గాడి లోపల కూడా అదే నలుపు ఉందంటే ఏదో ద్రావకంలో ముంచి తీశారు.

పిడి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఇది మన ప్రాంతానికి దగ్గరి విషయం. మీ చాకుది బహుశా గేదె కొమ్ము. వెలుతురుకు అడ్డం పెడితే పలచని అంచుల్లో తేనె రంగు తొంగిచూస్తుంది, పొరలు పొరలుగా సన్నని చారలు కనిపిస్తాయి. ఎముక అయితే భూతద్దంలో చిన్న చిన్న నల్లని చుక్కలు, గీతలు కనిపిస్తాయి, అవి రక్తనాళాలు పోయిన దారులు. సెల్యులాయిడ్ అయితే బొటనవేలితో గట్టిగా రుద్ది వెంటనే వాసన చూడండి, హారతి కర్పూరం వాసన వస్తుంది. ఆ ప్లాస్టిక్‌లో కర్పూరం కలుపుతారు మరి. సూది కాల్చి గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. సెల్యులాయిడ్‌కు క్షణంలో మంట అంటుకుంటుంది, ఆ పని వద్దు. అది ముసలిదైతే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఇత్తడి రేకులు పచ్చబడటం, దగ్గర్లో ఉన్న బ్లేడ్లు వారాల్లో తుప్పుపట్టడం దాని గుర్తులు. అలాంటి చాకును మిగతావాటితో ఒకే పెట్టెలో ఉంచకూడదు.

షెఫీల్డు పిడుల్లో వాడిన గేదె కొమ్ము, సాంబర్ జింక కొమ్ము మన దేశం నుంచి ఓడల్లో వెళ్ళినవే. అదే కొమ్ము మీ ఊరికి ఏరు దాటితే వచ్చే పర్లాఖెముండిలో కొంగలుగా, రొయ్యలుగా, దువ్వెనలుగా మారింది. ఆ ఊరి కొమ్ము పనికి ఉన్న పేరు మీకు తెలిసే ఉంటుంది. కొమ్మును వేడి చేసి మెత్తబరచి, వంచి, చివర నూనె గుడ్డతో నిగ్గు తేల్చే ఆ చేతిపనిని దగ్గర నుంచి చూస్తే చాకు పిడి ఎందుకు అంత నునుపుగా ఉంటుందో తెలుస్తుంది. మీ చాకు చెక్క చిట్లి ఉన్నా, ఊడిపోకుండా ఉంటే అలాగే వదిలేయండి. ఒక వైపు చెక్క పూర్తిగా పోయి ఉంటే మాత్రం అక్కడి పనివారి చేత గేదె కొమ్ముతోనే వేయించుకోవడం నాకు సమ్మతమే. ఒకటే షరతు: సీల రంధ్రాలను పెద్దవి చేయనివ్వకండి, కొత్త చెక్క లోపలి వైపు ఏ ఏట వేసినదో సూదితో గీయించండి. తరువాత చేతికి వచ్చినవారు మోసపోకూడదు.

ఏనుగు దంతం, తాబేలు చిప్ప, జింక కొమ్ము పిడుల జోలికి పోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటి క్రయవిక్రయాలను కట్టడి చేస్తుంది. దంతం విషయంలో 1986లో, 1991లో వచ్చిన సవరణలు దేశవాళీ దంతానికీ, బయటి నుంచి వచ్చినదానికీ కూడా దారి మూసేశాయి. పాతది కదా, విక్టోరియా కాలం నాటిది కదా అన్న వాదన నిలవదు. ఎంత అందమైనదైనా కొనవద్దు.

శుభ్రం చేసే పద్ధతి ఇదీ. నీళ్ళలో నానబెట్టకండి, కొమ్ము ఉబ్బి పొరలు విడిపోతుంది. కీలు దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున బ్లేడును మెల్లగా ఆడిస్తే నల్లని జిడ్డు బయటికి వస్తుంది. మెత్తని నూలు గుడ్డతో తుడిచి, మళ్ళీ చుక్క వేసి, గుడ్డకు మరక అంటనిదాకా ఇలాగే చేయండి. ఎర్ర తుప్పు ఉన్నచోట నూనె రాసి, చెక్కిన వెదురు పుల్లతో గీకండి. వెదురు తుప్పును తీస్తుంది, ఉక్కును గీయదు. చిన్న బ్లేడు రాకపోతే పటకారు పెట్టవద్దు, నూనెను ఇంకో నాలుగు రోజులు పనిచేయనివ్వండి. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె వాడవద్దు, అవి కొన్నాళ్ళకు బంకలా మారి స్ప్రింగును పట్టేస్తాయి. పాతపట్నంలో పరవాలేదు గానీ, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఉప్పుగాలికి వానాకాలంలో నెలకోసారైనా చాకులు తీసి చూడాలి. తోలు సంచిలో దాచకండి, తోలును శుద్ధి చేసే రసాయనాలు ఉక్కును తింటాయి. నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. కొమ్ము పిడి కింద సన్నని పొడి రాలి ఉంటే పురుగు పట్టిందన్నమాట. వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి.

సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా పర్లాఖెముండి, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. జమీందారీ కచేరీల్లో గుమాస్తాలు, ఊరూరా కరణాలు రెల్లు కలాలు, పెన్సిళ్ళు చెక్కుకోవడానికి వాడిన చిన్న చాకులు ఈ ఇళ్ళలోనే ఉన్నాయి. నౌపడా నుంచి పర్లాఖెముండికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931లో గుణుపురం దాకా సాగింది. ఆ దారి వెంట ఉన్న ఊళ్ళ పాత ఇనుప సామాను కొట్లు, వారపు సంతలు నాకు ఎప్పుడూ ఇష్టమైన వేట. పెద్ద నగరాల పాత వస్తువుల దుకాణాల్లో పేరుకు ధర కడతారు, ఇక్కడ తూకానికి ఇస్తారు. నల్లని గళ్ళ పిడి, కొసన తాడు కట్టే కొండీ, వీపు వైపు తాళ్ళ ముడులు విప్పే లావుపాటి మొన ఉన్న బరువైన చాకు దొరికితే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనికుల చాకు అది. బ్లేడు మొదట్లోనో పిడి మీదో బ్రిటిష్ ప్రభుత్వ సొత్తని తెలిపే బాణపు గుర్తు, ఏడాది అంకె కనిపిస్తాయి. కొత్తవారికి ఇంతకన్నా మంచి పాఠం లేదు, కాలం ఊహించవలసిన పని ఉండదు.

చట్టం గురించి భయపడేవారు ఉంటారు. ఆయుధాల నిబంధనలు లెక్కలోకి తీసుకునేవి తొమ్మిది అంగుళాల కన్నా పొడవో, రెండు అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులను. మన జేబు చాకులు అందులోకి రావు. అయినా స్థానికంగా పోలీసు ఉత్తర్వులు ఉండవచ్చు కనుక సంత నుంచి తెచ్చేటప్పుడు గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టండి. విమానంలో చేతి సంచిలో పెట్టుకోనివ్వరు.

ఒక వస్తువు కోసం మాత్రం ప్రత్యేకంగా కళ్ళు తెరిచి ఉంచండి. దక్షిణాదిన తాటాకు మీద రాసే గంటాలను మడిచే రకంగా కూడా చేసేవారు. ఒకే పిడిలో ఒక వైపు రాసే ఉక్కు మొన, ఇంకో వైపు ఆకు అంచులు కత్తిరించే చిన్న బ్లేడు. పిడి ఇనుముదో ఇత్తడిదో ఉంటుంది. స్ప్రింగు చాలావాటిలో ఉండదు, ఇరుసు సీల బిగువు మీదే నిలుస్తుంది. షెఫీల్డు ముద్ర ఉన్న పది చాకులిచ్చినా నేను అలాంటి ఒక్కదాన్ని వదలను. ఎక్కడైనా కనిపిస్తే బేరం ఆడేముందు ఆ ఇంట్లో తాటాకు కట్టలు ఏమైనా మిగిలాయేమో అడగండి. మిగిలి ఉంటే గంటాన్ని వాటి నుంచి విడదీసి కొనవద్దు. భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియంలో తాళపత్రాల విభాగం పెద్దది, అక్కడికి కబురు చేయమని ఇంటివారికి చెప్పండి.